ఎడమ పక్క

సునామీ వచ్చిన మరుసటి యేడు, తమిళుల ఐప్పసి నెల వానలకు నెల్లితోపు మార్కెట్టు మునిగి వంకాయ బుట్టలు, తక్కెళ్ళు వీధిలో తేలిన యేడు అది. నీళ్ళు తీసేసినా గోడల మీద నడుము ఎత్తున బురద గీత మిగిలింది. ఆ గీత పక్కనే వ్యాను నిలిపి, చక్రాల సందుల్లో చిక్కుకున్న చెత్తను అరుణాచలం ఇనుప చువ్వతో లాగుతున్నాడు. సగం తెల్లవారింది. సన్నగా తుంపర పడుతోంది.

అతడు పొట్టివాడు. ఏళ్ళ తరబడి సీట్లో కూర్చుని వీపు ఆ సీటు వంపుకే వంగింది. కుడి చెయ్యి మోచేతి దాకా మాడి నల్లగా ఉంటుంది. ఎడమ చెయ్యి కాస్త తెలుపు. కిటికీ ఎండ ఎప్పుడూ కుడి చేతి మీదే పడింది. ఖాకీ చొక్కాకు గొంతు దాకా బొత్తాలు పెట్టుకుంటాడు. మొదట లారీ నడిపాడు, తర్వాత బియ్యం మిల్లు టెంపో, ఇప్పుడు బడి పిల్లల వ్యాను. ఏ బండైనా ఎక్కేముందు చెప్పులు విడిచి, స్టీరింగు ముట్టుకుని కళ్ళకు అద్దుకుంటాడు. స్టీరింగుకు వీరాంపట్టినం అమ్మవారి తిరునాళ్ళలో కట్టిన ఎర్రదారం ఉంది. తడిసీ ఆరీ గోధుమ రంగుకు వచ్చింది.

వ్యాను వెనక తలుపు నేలకు ఎత్తు. చిన్న పిల్లలు ఎక్కలేరు. అందుకని విరిగిన తలుపు చెక్కతో అతడొక పీట చేశాడు. కాళ్ళు జారకుండా పైన పాత టైరు రబ్బరు వేసి మేకులు కొట్టాడు. ప్రతి ఇంటి ముందూ దిగడం, పీట వేయడం, పిల్లల్ని ఎక్కించడం, పీట తీసి లోపల పెట్టడం, మళ్ళీ చెప్పులు విడిచి తన సీటు ఎక్కడం. ఆ దారిలో వేరే ఏ వ్యానుకూ పీట లేదు. మిగతా డ్రైవర్లు సీట్లోంచి దిగకుండానే హారన్ కొడతారు.

జయలక్ష్మమ్మ కాఫీ గ్లాసుతో గడపలోకి వచ్చింది.

"కంట్లో మందు ఏసుకుంటివా?"

"ఏసుకుంటి."

వరద మురికికి మొగుడి కళ్ళు మండుతున్నాయని ఆమె అనుకుంటోంది. ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది వేరు. ఎడమ కంటి నరం ఎండిపోతోందట. పోయిన చూపు రాదు. ఉన్నదాన్ని నిలబెట్టడానికే చుక్కల మందు. బండి నడపడం మానుకుంటే మంచిది అని కూడా అంది. మంచిది అంది గాని మానుకోమని అనలేదు కదా. అరుణాచలం ఆ సందును పట్టుకుని ఇంటికి వచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. అతడు చెప్పకపోతే, ఏదో దాస్తున్నాడని ఎవరూ అనుకోరు. అసలే ఎక్కువ మాట్లాడని మనిషి.

ఎడమ పక్క చూపు అంచున పొగ ఉంటుంది. వంటింటి పొగలా లేత పొగ. వానలు మొదలుకాకముందు ఇంకా అంచుకే ఉండింది. వరద వచ్చి పోయేసరికి ముక్కు దాకా జరిగింది. ఇప్పుడు కోడి మాదిరి తల పూర్తిగా తిప్పితే గాని ఆ పక్క ఏముందో తెలియదు.

మొదట తన వీధి పిల్లలు ఎక్కుతారు, వాళ్ళలో చివరి ఇల్లు కవిప్రియది. కవిప్రియ ఒకటో తరగతి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల కావడంతో అతడితో చనువెక్కువ. పీట మీద నిలబడి ఒక గెంతు వేసి, "తాతా, ఈ దినం ఏగంగా పో. పోలీసు ఎనక వస్తాండాది" అంది. లోపల పిల్లలంతా కుయ్యి కుయ్యి మని సైరను కూశారు. తిలగం కడలో, అంటే ఆమె కంప్యూటర్ల అంగడిలో, కొత్తగా వచ్చిన కారు పందెం ఆట పట్టింది వీళ్ళను. అందులో కార్లు రాత్రిపూట ఊళ్ళో పందెం పోతుంటే పోలీసులు తరుముతారు. ఆదివారం ఆడి వచ్చి వారమంతా అదే గోల.

"పోలీసు వస్తే నిలబడదాం. మనమేం తప్పు చేయలే" అన్నాడు అరుణాచలం.

"పో తాతా. నీకు ఆడేదానికి తెలీదు."

ఒర్లియంపేట మలుపులో ఆ పొద్దు అది జరిగింది. తల తిప్పాడు, చూశాడు, ఏమీ లేదు. తిరిగాడు. ఠప్పుమని శబ్దం. ఎడమ పక్క అద్దం విరిగి తలుపుకు వాలింది. ఇడియాప్పం అమ్మే మనిషి సైకిలు కింద పడి ఉంది. ఎవరికీ దెబ్బ లేదు. తట్టలోని బియ్యప్పిండి ఇడియాప్పం చుట్టలు బురదలో పరుచుకున్నాయి.

"కండ్లు యాడ పెట్టుకోని తోలతావయ్యా!"

అరుణాచలం వట్టి కాళ్ళతో దిగాడు. సైకిలు లేపి నిలబెట్టాడు. బురదలోని ఇడియాప్పం ఒక్కొక్కటీ ఏరి తట్టలో పెట్టబోయాడు. ఇంకెందుకూ పనికిరావని తెలిసినా ఏరుతూనే ఉన్నాడు. ఆ మనిషి తిట్టడం ఆపి, కాసేపు అతడి ముఖం చూశాడు.

"పోనీలే పెద్దాయనా. విడువు. పిల్లలు ఉండారు బండిలో, పోయిరా."

తిట్టినప్పుడు ఏమీ కాలేదు. ఆ మెత్తని మాటకు మాత్రం తల ఎత్తకుండా బండి ఎక్కాడు.

పిల్లల్ని బడి దగ్గర దింపాక సాయంత్రం దాకా పని ఉండదు. తిలగం కడ బయట బల్ల మీద కూర్చోవడం అలవాటు. బల్ల మీద కూర్చుంటాడు, టీ తాగుతాడు, వీధి చూస్తాడు. లోపల ఏమి ఆడుతున్నారో గాజు తలుపులోంచి కనిపిస్తుంది. లోపలికి ఎప్పుడూ పోలేదు. ఆ పొద్దు పోయాడు.

తిలగం కంప్యూటర్ల కింద ఇటుకలు సరిచేస్తోంది. వరద నీళ్ళకు భయపడి అన్నింటినీ ఇటుకల మీదికి ఎక్కించింది. కొత్తగా తెచ్చిన స్టీరింగు, పెడళ్ళు ఉన్న బల్ల మాత్రం గోడ వారగా అందరికీ కనిపించేట్టు పెట్టింది.

"ఏంది మామా, నువ్వే లోపలికి వస్తివి? వాన ఎక్కువైందా?"

"ఆ పందెం ఆట ఉండాది గదా. ఒక సుట్టు తోలేదానికి అవుతాదా?"

తిలగం నవ్వు ఆపుకుంటూ పైటకొంగుతో కుర్చీ తుడిచింది. ఈ మనిషి ఇన్నాళ్ళలో టీ తప్ప ఏదీ అడగలేదు.

అతడు లోపలికి వచ్చేముందే ఒక మాట అనుకున్నాడు. ఎవరికీ తగలకుండా ఒక చుట్టు పోతే, రేపు కూడా వ్యాను తీయాలి. తగిలితే ఈ సాయంత్రమే తాళం వ్యాను ఓనరు సుధాకరన్ చేతిలో పెట్టేయాలి. డాక్టరమ్మ మాట మాటే. కాని బండి సంగతి బండే చెప్పాలి. ఇక్కడైతే పిల్లలు లేరు. ఎవరి ఇడియాప్పమూ పడదు.

చెప్పులు పక్కన విడిచాడు. స్టీరింగు ముట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు.

"అయ్యో, ప్లాస్టిక్ చక్రానికి దండం పెడతావేంది మామా!"

"చక్రం చక్రమే కదమ్మా. హారన్ యాడుండాది?"

"ఆటలో హారన్ ఎవురు కొడతారు? తొక్కి పట్టుకో, అంతే."

తెర మీద వాన తడిసిన పెద్ద ఊరు వచ్చింది. పసుపు దీపాలు, ఎత్తు మేడలు. అరుణాచలం బండిని మెల్లగా కదిపి, అన్నేళ్ళుగా చేసిన పనే చేశాడు. దారికి ఎడమ పక్క పట్టుకున్నాడు. రెండు దీపాలు సూటిగా అతడి మీదికి వచ్చాయి. లారీ. ఇంకా ఎడమకు తిప్పాడు. బండి కాలిబాట ఎక్కి గోడకు రాసుకుంది. కిందికి దించాడు. మళ్ళీ దీపాలు, మళ్ళీ మీదికే. కారు. ఒకటి తప్పించుకునేలోగా ఇంకొకటి. తల పూర్తిగా తిప్పి చూశాడు. కళ్ళు చికిలించాడు. ఎడమ పక్కనే ఉన్నాననుకుంటున్నాడు, ఉన్నాడు కూడా, అయినా బండ్లన్నీ ఎదురుగానే వస్తున్నాయి. ఏది ఎడమో ఏది కుడో కూడా కళ్ళు చెప్పడం మానేశాయా? చొక్కా వీపుకు అంటుకుంది.

వెనక సైరను మోగింది. ఎరుపు, నీలం దీపాలు. అరుణాచలం బండిని ఓరగా తీసి, ఆపి, పెడల్ మీంచి కాలు తీసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పోలీసు కార్లు నాలుగు వైపులా వచ్చి గుద్దుకున్నాయి.

"ఏంది మామా నిలిపేస్తివి! పారిపోవాల!"

"పోలీసు ఎనక వస్తే నిలపాల కదమ్మా."

"నిలిపితే పట్టుకుంటారు."

"పట్టుకోనీ. నేనేం చేసినాను?"

తిలగం పొట్ట పట్టుకుని నవ్వింది. పక్క కంప్యూటర్ల ముందున్న కాలేజీవాళ్ళు కుర్చీలు తిప్పుకుని మరీ నవ్వారు. అరుణాచలం నవ్వలేదు. ఆగిన తెరనే చూస్తూ అడిగాడు.

"నేను ఎవురికైనా తగిలిస్తినా?"

"ఎవురికైనానా? అందరికీ తగిలిస్తివి మామా! సూపర్. అట్లా తగిలిస్తేనే జనం సూస్తారు."

అతడు లేచి చెప్పులు వేసుకున్నాడు. బయట బల్ల మీద కూర్చున్నాడు. తిలగం తెచ్చిపెట్టిన టీ మీద మీగడ కట్టింది.

సాయంత్రానికి వాన పెద్దదైంది. ఇంకొక్క ట్రిప్పు ఉంది. పిల్లల్ని ఇళ్ళకు చేర్చాలి. వేరే ఎవరినైనా పిలవడానికి టైము లేదు, పిలిస్తే కారణం చెప్పాలి. బడి గేటు దగ్గర పీట వేసి ఒక్కొక్కరినీ ఎక్కించాడు. తర్వాత ఎన్నడూ చేయని పని చేశాడు.

"కవీ, నువ్వు ముందర రా."

"నిజంగానా తాతా?"

ముందు సీట్లో ఎవరినీ కూర్చోనివ్వని మనిషి. వెనక పిల్లలు కుళ్ళుకున్నారు. కవిప్రియ సంచీ ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

"ఎడమ పక్క సూస్తాండు. ఎవురు వచ్చినా గట్టిగా చెప్పాల."

"ఎందుకు?"

"అద్దం పగిలింది గదా."

వ్యాను కదిలింది. కవిప్రియ పని మొదలుపెట్టింది. "కుక్క. గొడుగు అవ్వ. ఇంకొక కుక్క. బోండాల బండి. తాతా, ఒకడు ఒంటికి పోస్తాండాడు."

"అది చెప్పొద్దు."

"నువ్వే గదా అంతా చెప్పమంటివి!"

ఆమె చెప్పినవన్నీ విని తల తిప్పి చూస్తే అవి అక్కడే ఉన్నాయి. చెప్పకముందు ఏవీ లేవు. కూడలిలో ఎర్ర టోపీ పోలీసు చెయ్యెత్తాడు. రోజూ అరుణాచలానికి తల ఊపే మనిషే. మామూలుగా గీత దగ్గర ఆగే వ్యాను ఆ పొద్దు చాలా వెనకే ఆగిపోయింది. వెనకనుంచి హారన్లు మోగాయి. "తాతా, పోలీసు! తొక్కు తాతా!" పిల్లలు బల్లలు చరిచారు. అరుణాచలం అరిచేతులు స్టీరింగు మీద జారుతున్నాయి. ఎర్రదారాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.

నెల్లితోపు మార్కెట్టు పక్క సందులోకి తిరుగుతున్నాడు.

"తాతా, పాప!"

బ్రేకు మీద నిలబడ్డాడు. వెనక పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. ముందు చక్రం పక్కనే, కాలవలో కొట్టుకుపోతున్న చెప్పు కోసం వంగిన పిల్ల ఒకతి తలెత్తి చూసింది. నిక్కరు తప్ప ఒంటి మీద ఏమీ లేదు. చెప్పు అందుకుని, నీళ్ళు దులుపుకుని, ఏమీ జరగనట్టు పోయింది.

అరుణాచలం చూసింది ఆ పిల్ల వీపునే. అదీ కుడి వైపుకు దాటాక.

"నువ్వు సూడలేదా తాతా?" అంది కవిప్రియ.

"నువ్వు సూస్తివి గదా తల్లీ."

పిల్లలందరినీ దించాడు. అందరికీ పీట వేశాడు. కవిప్రియను చివర దించి, ఖాళీ బండిని నడిచే వేగంతో ఒర్లియంపేటకు తీసుకుపోయాడు. సుధాకరన్ ఇంటి ముందు నిలిపి, బ్రేకు బిగించి, స్టీరింగు ముట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు. ఎక్కేటప్పుడు చేసేది దిగేటప్పుడు చేశాడు.

ఓనరైనా సుధాకరన్ చిన్నవాడే. అరుణాచలం చేతిలో పెరిగినంత చిన్నవాడు.

"ఏందన్నా, అద్దం గురించా? అద్దం ఏసుకుందాం, దానికేం?"

"అద్దం కాదు తంబీ. కండ్లు. రేపటినుంచి వేరే ఆళ్ళని పెట్టుకో."

సుధాకరన్ ఇంకా ఏదో అనబోయి, తాళం అప్పటికే తన అరచేతిలో ఉండడం చూశాడు. రేపటినుంచి వ్యాను తోలమని మేనల్లుడు గుణశేఖర్‌ను పిలిచాడు. గుణశేఖర్ అప్పుడే బండి చుట్టూ తిరిగి చూసి, వెనకనుంచి పీట తీసి బయట పెట్టాడు.

"ఇదేంది మామా, కాళ్ళకి అడ్డం?"

"అది నాదిలే" అన్నాడు అరుణాచలం. పీటను చంకలో పెట్టుకుని వానలో నెల్లితోపుకు నడిచాడు.

ఇంటి అరుగు మీద నటేశన్ వాన చూస్తూ కూర్చుని ఉన్నాడు. జయలక్ష్మమ్మకు అన్న వరస. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరు కాబట్టి వాళ్ళ దేశం పోయి పటాలంలో లారీ నడిపి, ఇప్పుడు పింఛను తీసుకుంటూ ఊరంతా కబుర్లు చెప్పుకునే మనిషి.

"ఏంది బావా, పీటని ఊరేగిస్తాండావు?"

అరుణాచలం పీట దించి, తువ్వాలుతో తల తుడుచుకున్నాడు.

"వ్యాను ఇచ్చేసినాను."

గడపలో జయలక్ష్మమ్మ చేతిలోని గ్లాసు కింద పెట్టింది. "అన్నం పెడతా రా" అంది. మందు సీసా గూట్లో ఎందుకుందో ఆమెకు అప్పుడు తెలిసిపోయింది. ఏమీ అడగలేదు.

నటేశన్ అడిగాడు. అడిగితే గాని వదలడు. అరుణాచలం కంటి సంగతి చెప్పలేదు. ఆట సంగతి చెప్పాడు. ఎడమ పక్కనే పోతుంటే బండ్లన్నీ మీదికే ఎట్లా వచ్చాయో చెప్పాడు.

నటేశన్ పీట లాక్కుని దాని మీద కూర్చుని తొడ చరుచుకున్నాడు.

"నీ ఇల్లు బంగారం గాను! అది తెల్లోళ్ళ ఆట బావా. ఆళ్ళ దేశంలో కుడి పక్క పోతారు. ఎడమ పట్టుకుంటే ఎదురు రాక ఏమైతాది? నేను పోయిన మొదటి దినమే పటాలం లారీ ఎడమ పక్క తోలినాను. ఎదురుగా వస్తాండే దొర సైకిలు ఇడిచిపెట్టి కాలవలో దూకె!"

అరుణాచలం నోరు కొంచెం తెరుచుకుంది.

"మరి తిలగం చెప్పలేదే?"

"ఆ ఆట ఆడేవోళ్ళు పక్క చూసుకోని తోలతారా యాడన్నా? అడ్డంపడి పోతారు. ఆ పిల్లకి ఈ దినం దాకా తెలిసుండదు. నీ మాదిరి ఒక పక్క పట్టుకోని పోయినోడు ఆ కడలో ఎవుడూ ఉండడు."

అరుణాచలం లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. వానలో వీధి మొదటి దాకా వేగంగా పోయాడు. ఒర్లియంపేట ఎంత దూరం. సుధాకరన్ ఇంకా పడుకుని ఉండడు. తాళం ఇంకా గుణశేఖర్ చేతికి పోయి ఉండదు. ఆట తప్పు, తనది కాదు. ఎడమ పక్క ఎడమ పక్కగానే ఉంది.

మార్కెట్టు సందు మొదట్లో కాలవ పారుతోంది. అక్కడికి వచ్చి ఆగాడు. పొద్దున సైకిలు కింద పడిన చప్పుడు గుర్తొచ్చింది. "తాతా, పాప" అన్న కేక మళ్ళీ వినిపించింది. చక్రం పక్కన వంగిన ఆ చిన్న వీపు కనిపించింది. అది ఆట కాదు. అక్కడ కుడి పక్క పోయే దేశం ఏదీ లేదు.

తిరిగి వచ్చాడు. చెప్పులు విడిచాడు.

"యాడికి పోతివి బావా?" అన్నాడు నటేశన్.

"యాడికీ లే."

మరునాడు కాఫీ తాగి, కంట్లో చుక్కలు వేసుకుని, ఖాకీ చొక్కాకు గొంతు దాకా బొత్తాలు పెట్టుకున్నాడు. పీట చంకలో పెట్టుకుని కవిప్రియ ఇంటి ముందుకు నడిచాడు. తుంపర ఆగింది. వ్యాను వచ్చి వీధిలోనే నిలబడి హారన్ కొట్టింది. ఎడమ పక్కకు కొత్త అద్దం పెట్టారు.

కవిప్రియ సంచీతో పరిగెత్తుకుంటూ వచ్చి, ఎత్తు తలుపు ముందు ఆగిపోయింది. అరుణాచలం పీట వేశాడు.

"నువ్వు తోలవా తాతా?"

"ఈయన తోలతాడు. నువ్వు సూస్తాండు."

"యా పక్క?"

"రెండు పక్కలా."

ఆమె పీట ఎక్కి గెంతింది. తలుపు మూసుకుంది. గుణశేఖర్ గేరు వేశాడు. లోపల పిల్లలు సైరను కూశారు. వ్యాను వీధి చివర ఎడమకు తిరిగి, అతడి చూపులోని పొగలో ఒకసారి మాయమై, అతడు తల తిప్పి చూసేలోగా నిజంగానే వెళ్ళిపోయింది.

అతడు వంగి పీట ఎత్తబోయి ఆగాడు. సాయంత్రం పిల్ల ఇదే చోట దిగాలి కదా. దాన్ని కవిప్రియ ఇంటి గోడకు, బురద గీత కిందికి జరిపి, వట్టి చేతులతో ఇంటి దారి పట్టాడు. టైరు రబ్బరు మీద చిన్న బూట్ల తడి అచ్చులు ఇంకా ఆరలేదు.